పెనుకొండ ఎటుందో తెలియని మేము

కుస్కో ఎక్కడుందో మా తిరుమణిలో బడిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. పెరూ దేశం, ఆండీస్ కొండలు, 3,400 మీటర్ల ఎత్తు, ఇంకా వంశపు రాజుల రాజధాని. వీపున సంచీ తగిలించుకుని ఒంటరిగా అక్కడికి పోయివచ్చిన తెలుగు కుర్రాళ్ల వీడియోలు మా టీ అంగడి ముందు చేతులు మారుతూ తిరుగుతుంటాయి. అదే అంగడి ముందు నిలబడి, పెనుకొండలో గగనమహల్ ఎటువైపుందని అడిగి చూడండి. కొండ మీదా, కిందా, బస్టాండు పక్కనా అని ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. కుస్కో భూగోళానికి అటుపక్క ఉంది. పెనుకొండ పావగడ, రొద్దం మీదుగా పూట ప్రయాణం.

ఆ టీ అంగడి బెంచీ మీద కూర్చునేవాళ్లలో నేనూ ఉన్నాను కనుక 'మేము' అనే రాస్తాను.

మేమంటే పావగడ తాలూకా తెలుగువాళ్లం. రాష్ట్రం కర్ణాటక, జిల్లా తుమకూరు, మూడు పక్కలా ఆంధ్ర. మా జిల్లా కేంద్రానికి పోవాలన్నా నడుమ ఆంధ్ర నేల తొక్కే పోతాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. వానను నమ్మి చెనక్కాయ వేసి, వాన రాక అప్పులు చేసి, బెంగళూరుకు కూలికి పోయిన ఊళ్లు మావి. తర్వాత కథ మారింది. తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు, ఈ అయిదు ఊళ్ల చేలల్లో 13,000 ఎకరాల మీద సోలార్ పలకలు పరిచారు. 2018లో ప్రారంభమైన పార్కు 2,050 మెగావాట్లదయింది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు, 28 ఏళ్ల ఒప్పందం. ఇన్నాళ్లూ మమ్మల్ని మాడ్చిన ఎండనే బాడుగకిచ్చాం.

భూమి ఉన్నవాళ్లకు ఇట్లా మూడు దొరికాయి: కొంచెం డబ్బు, బోలెడు తీరిక, నున్నటి రోడ్డు. (భూమి లేని కూలోళ్లకు ఉన్న పని కూడా పోయింది. అది వేరే పాపం, దాని లెక్క వేరే రాయాలి.) లోకం చూడాలనుకునే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ మూడూ దగ్గర పెట్టుకుని మేము ఫోను చూశాం.

చూసినవి మంచివే, కాదనను. హతున్‌రుమియోక్ అనే సన్న సందులో పన్నెండు మూలలున్న రాయి చూశాం. సున్నం లేదు, మట్టి లేదు. ఒక రాయి మూల ఇంకో రాయి ఒంపులో కూర్చుంటే మధ్యలో చాకు మొన దూరదు. సూర్యుడి గుడి కొరికాంచా చూశాం. స్పెయినోళ్లు వచ్చి దాని గోడల మీదే సాంతో దొమింగో మఠం కట్టారు. 1950లో పెద్ద భూకంపం వస్తే పైనున్న మఠం చాలావరకు కూలింది, కిందున్న ఇంకాల గోడ నిలబడింది. ఆ ముక్క విన్నప్పుడు మా కుర్రోళ్లు ఈల వేశారు. వాళ్ల పెద్ద చర్చిలో ఏసుక్రీస్తు కడపటి విందు బొమ్మ ఉంది. మార్కోస్ సపాతా అనే ఆయన వేసింది. పళ్లెంలో రొట్టె పక్కన వేయించిన గినీపంది! అక్కడివాళ్లు పండక్కి తినేది అదే. పరదేశపు దేవుడికి తమ ఊరి కూడు వడ్డించారని మెచ్చుకున్నాం. "ఎంత బాగా కాపాడుకున్నారప్పా!" అని ఇంకో టీ చెప్పాం.

ఆ మెచ్చుకోలులో మాకు సిగ్గు తగలాల్సిన చోటు ఒకటుంది, తగల్లేదు. ఆ చరిత్రను తేదీలతో సహా మన చరిత్ర పక్కన పెట్టి చూడండి. 1529లో కృష్ణదేవరాయలు పోయాడు. 1533లో స్పెయిను దొర పిజారో సేన కుస్కోలో అడుగుపెట్టింది. రాజధాని పోయాక ఇంకాలు ఊరుకోలేదు. విల్కబాంబా అనే అడవి సీమకు తప్పుకుని, అక్కడ ఇంకో దర్బారు పెట్టుకుని దాదాపు నలభై ఏళ్లు నిలిచారు. 1572లో కడపటి ఇంకా రాజు తుపాక్ అమారును పట్టి తెచ్చి కుస్కో నడివీధిలో తల తీశారు. సరిగ్గా ఆ నడుమనే, 1565 జనవరిలో, తళ్లికోట దగ్గర అళియ రామరాయల తల తెగింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఏనుగుల మీద ధనం ఎక్కించుకుని, కీలుబొమ్మ రాజు సదాశివరాయలను వెంటబెట్టుకుని విజయనగరం విడిచి వచ్చాడు. ఎక్కడికి? పెనుకొండకు. 1570 ప్రాంతంలో అక్కడే పట్టం కట్టుకున్నాడు. కూలిన సామ్రాజ్యం మళ్లీ ఊపిరి పీల్చుకున్న ఊరది. 1577లో బీజాపూరు, 1589లో గోల్కొండ ముట్టడించినా ఆ కొండ లొంగలేదు. వెంకటపతిరాయలు చంద్రగిరికి మకాం మార్చేదాకా రాయల గద్దె అక్కడే.

హంపీకి పోయినవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. ఓడిన తర్వాత రాజ్యం ఎక్కడికి పోయిందని మాత్రం ఒక్కరం అడగలేదు. విల్కబాంబా పేరు పలకడం నేర్చుకున్నాం, మా విల్కబాంబా రొద్దం బస్సుకు అందే దూరంలో ఉందని ఆలోచించలేదు.

ఇంకొకటి చెప్పకపోతే కడుపు ఉబ్బుతుంది. మా తాతల కాలం నుంచి మమ్మల్ని బతికించిందీ, ముంచిందీ చెనక్కాయ. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇంకాల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందు పెరూ తీరంలో మోచె జాతి వాళ్లుండేవాళ్లు. 1987లో సిపాన్ అనే చోట వాళ్ల దొర ఒకడి సమాధి బయటపడింది. ఆయన మెడలో హారం ఉంది, బంగారంతోనూ వెండితోనూ పోసిన చెనక్కాయల హారం. దొర మెడలో వేసి సాగనంపేంత గొప్పగా వాళ్లు ఎంచిన పంటను మేము ఎర్రనేలలో వేసి, దళారి కాటాలో పోసి, అది ఎక్కడ నుంచి వచ్చిందని ఒక్కనాడూ అడగకుండా తరతరాల పాటు తిన్నాం. అడిగే అలవాటే లేదు మాకు. ఊరు దాటి పోయినా అంతే, ఊళ్లో ఉన్నా అంతే.

మా ప్రయాణాలు ఎట్లుంటాయో చెబుతాను. ఒక టెంపో మాట్లాడుకుంటాం. పదిమంది పట్టే దాంట్లో పదిహేనుమందిమి ఎక్కుతాం. చిత్రాన్నం డబ్బా, నీళ్ల క్యాను, పాటలు. తిరుపతి, మంత్రాలయం, ధర్మస్థల. దేవుణ్ని చూస్తాం, దండం పెడతాం, వెనక్కి తిరుగుతాం. గుడి ఎవరు కట్టించారో, గోడ మీద రాసిన అక్షరాలు ఏ కాలానివో పట్టదు. పావగడలో శనిమహాత్మ గుడికి శనివారమొస్తే బెంగళూరు నుంచీ అనంతపురం నుంచీ జనం విరగబడతారు. ఆ జనంలో మేమూ ఉంటాం. నల్లబట్ట, నువ్వులనూనె, ప్రదక్షిణ. ఊరి నెత్తిన కొండ, కొండ నెత్తిన పాళెగాళ్ల కోట, హైదరాలీ, టిప్పు ఏలిన కోట. తల పైకెత్తితే చాలు కనపడుతుంది. ఎత్తం. శని చూపు పడుతుందేమోనని కాబోలు.

మందితో పోవడం తప్పని అనను. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు ఆయన వెంట వందమంది దాకా పరివారం ఉంది. కానీ ఆయన కళ్లు మాత్రం ఒంటరిగా పనిచేశాయి. దారిలో ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఏ కులం ఏం పని చేస్తుంది, నీళ్లెట్లున్నాయి అని రోజూ రాసుకున్నాడు. మేము ఆయన పరివారాన్ని మాత్రం తెచ్చుకున్నాం, కళ్లు వదిలేశాం.

ఒక్కరే పోవడమంటే మాకు అనుమానం. మా ఊళ్లో ఒక్కడే ఊరు దాటేవాడు మూడు రకాలు: అప్పులోడు, అలిగినోడు, సన్యాసి. ఊరికే చూసేకి పోయేవాడు ఈ మూడింట్లోనూ చేరడు కాబట్టి వాడికి పిచ్చి అని తేల్చేస్తాం. ఇక ఆడపిల్ల ఒక్కతే పోతే మేము పెట్టే పేరు వేరే ఉంది. దాన్ని అచ్చులో వేయలేను.

మా వీధిలో ఒక పిల్ల బెంగళూరులో డిగ్రీ చదువుతోంది. చరిత్ర అంటే ప్రాణం. సెలవులకు వచ్చినప్పుడు, నాలుగు రోజులు ఒక్కదాన్నే తిరిగి హేమావతి, రత్నగిరి, మడకశిర, పెనుకొండ చూసి వస్తానని ఇంట్లో అడిగింది. హేమావతి నొళంబరాజుల రాజధాని. వాళ్లను గెలిచిన చోళులు అక్కడి నల్లరాతి స్తంభాలను మోసుకుపోయి తంజావూరు దగ్గర తిరువయ్యారు గుడిలో నిలబెట్టుకున్నారు. గెలిచినవాళ్లు వందల మైళ్లు మోసుకుపోయేంత విలువైనదేదో మా పక్కనే ఉండేదని ఆ పిల్ల చెబితేనే మాలో కొందరికి తెలిసింది. వాళ్ల నాయన మా నలుగురినీ పిలిచాడు. పంచాయితీ కాదు గానీ అట్లాంటిదే. మేము పోయి అరుగు మీద కూర్చున్నాం. దారిలో ఎవరన్నా ఏమన్నా చేస్తే అనే మాట రెండోది వచ్చింది. మొదటి మాట, "మనోళ్లెవరన్నా చూస్తే?"

ఒక్కరం కూడా పోనీ అనలేదు. చదువుకున్నవాళ్లం ఉన్నాం అందులో. ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లం ఉన్నాం. "మంచికే చెబుతాన్నాం పాపా" అన్నాం. చివరికి ఒక కారు మాట్లాడి ఇంటిల్లిపాదినీ లేపాక్షి తీసుకుపోయారు. బసవన్న ముందు ఫోటో, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగడం, హోటల్లో భోజనం, చీకటి పడకముందే ఇల్లు. ఆ పిల్లకు కారులో కిటికీ పక్క సీటు కూడా దక్కలేదని తర్వాత వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రే, మా బెంచీ మీద, ఎవరో తెల్లపిల్ల కుస్కోలో సాన్ బ్లాస్ మెట్ల మీద ఒక్కతే దిగుతున్న వీడియో చూసి ఆ నాయనే అన్నాడు, "ఏం ధైర్యమప్పా!" అని. మేమంతా తలలూపాం.

తర్వాత కొన్నాళ్లకు నేను ఒక్కణ్నే పెనుకొండ పోయాను. మగవాణ్ని గనుక ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. బస్సు దిగితే పెనుకొండ ఇప్పుడు కార్ల ఊరు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ, 2019లో మొదటి కారు బయటికొచ్చింది. యూనిఫారం వేసుకున్న కుర్రోళ్లు షిఫ్టు బస్సు కోసం నిలబడి ఉన్నారు. అదే ఎర్రమంచి పేరుతో పాతకోట ఉత్తర వాకిలి ఉంది, వాకిట్లో మనిషికి రెండింతలు ఎత్తు ఆంజనేయుడు. కోట కట్టించింది బుక్కరాయల కాలంలో. ఊళ్లో రాముడి గుడి, ఈశ్వరుడి గుడి ఒకదాని పక్కన ఒకటి అన్నదమ్ముల్లా నిలబడి ఉంటాయి. రాముడి గుడి గోడ దగ్గరికి పోయి వేలు పెట్టి చూస్తే, జానెడు జానెడు గళ్లలో రామకథ, కృష్ణకథ నిలువునా చెక్కి ఉంది. కథ తెలిసినవాడు బొమ్మ బొమ్మకూ ఆగుతూ ఒక పూట అక్కడే చదువుకోవచ్చు. పదిహేనుమందితో పోతే అట్లా ఆగనిస్తారా? "ఇంకా ఎంతసేపు?" అని వెనక నుంచి పిలుస్తారు.

అక్కడి నుంచి నడిచే దూరంలోనే పార్శ్వనాథుడి బసది. జైనుల నాలుగు విద్యాస్థానాల్లో పెనుకొండ ఒకటి. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచి మిగతా మూడు. ఇటు షేర్‌ఖాన్ మసీదు, అటు బాబయ్య దర్గా. ఇన్ని మతాలు ఒక్క కొండ పాదాన ఇట్లా సర్దుకుని కూర్చున్నాయి. కుస్కోలో ఒక మతం ఇంకో మతం భుజాల మీద ఎక్కి నిలబడితే దాన్ని చూడడానికి ప్రపంచం టికెట్ కొంటుంది. ఇక్కడ పక్కపక్కన నిలబడితే మేము బస్సు కూడా ఎక్కలేదు.

గగనమహల్ కింద కమానులు తురకల పనితనం, పైన శిఖరం గుడి పనితనం. రెండూ కలిసిన ఆ కట్టడం ముందు నిలబడితే, తళ్లికోటను హిందూ ముస్లిం యుద్ధమని అరుగుల మీద మేము చేసే వాదం అంతా నవ్వులాటగా తోస్తుంది. నవ్వు రాలేదు నాకు. గోడ మీద పేర్లున్నాయి. బొగ్గుతో, ఇటుకముక్కతో, మేకుతో గీకినవి. తెలుగులో కొన్ని, కన్నడంలో కొన్ని. ఒక బాణం గుచ్చిన గుండె బొమ్మ కింద కన్నడంలో 'పావగడ' అని ఊరిపేరు కూడా ఉంది. మావాళ్లు అసలు రాలేదని ఇంతసేపూ అన్నాను కదా, ఆ మాట కొంచెం సవరించుకోవాలి. వచ్చినవాళ్లు ఇందుకొచ్చారు.

2025 ఫిబ్రవరిలో కుస్కోలోనూ ఒకడు ఆ పన్నెండు మూలల రాయిని ఏదో పెట్టి కొట్టి పెచ్చులూడగొట్టాడు. వాణ్ని పట్టుకున్నారు, దేశమంతా గగ్గోలు పెట్టింది, లోకమంతా వార్తయింది. అక్కడ మనుషులు దేవతలని నేననుకోవడం లేదు. సాక్సాయ్‌వామన్ కోట రాళ్లను ఊళ్లో ఇళ్లూ చర్చీలూ కట్టడానికి స్పెయినోళ్లు గని తవ్వినట్టు తవ్వుకుపోయారు. కానీ అది చేసింది దండెత్తి వచ్చినవాళ్లు. మా వైపు కోటల రాళ్లు మా ఇళ్ల పునాదుల్లో, గట్టు గోడల్లో, బట్టలుతికే బండల్లో ఉన్నాయి. ఎవరూ దండెత్తి రాలేదు, మేమే మోసుకొచ్చాం.

కొండ దిగి వస్తుంటే చెనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతున్న ముసలావిడ అడిగింది, "యాడ నుంచప్పా?" అని. తిరుమణి అన్నాను. "ఆ కరెంటు ఊరా? ఒక్కడివే వచ్చినావా? ఇంట్లో ఏమన్నా కొట్లాడినావా?" చూసేకి వచ్చినానన్నాను. "ఈడ చూసేకి ఏముందప్పా, అంతా పడిపోయిండాది" అని పొట్లం కట్టిచ్చింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకు ఆ మాట నేర్పింది చదువుకున్న మేమే.

మా దగ్గర ఒక గట్టి సాకు ఉంది. "పెనుకొండ ఆంధ్రా కదా, మనకేం సంబంధం?" అంటాం. ఆ సంబంధం ఎప్పుడు తెగిందో చూద్దాం. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు పడిపోయాక గెలిచినవాళ్లు సీమను పంచుకున్నారు. పావగడ మైసూరు రాజుల వాటాలో పడింది. పెనుకొండ వైపు నిజాముకు పోయి, మరుసటి ఏడు, 1800లో, దత్తమండలాల్లో భాగంగా కుంపిణీ చేతికి వచ్చింది. మన్రో దొర కలెక్టరయ్యాడు. దొరలు తమ లెక్కల కోసం గీసిన గీత అది. కుస్కోలో పరాయిపాలన గుర్తు ఏదంటే చర్చి చూపిస్తారు. మాకు చూపించడానికి కట్టడం లేదు, ఈ గీత ఉంది. దొరలు పోయారు, గీతకు కాపలా మేము కాస్తున్నాం. పెళ్లి సంబంధాలకు, ఎద్దుల సంతకు, సినిమాకు గీత అడ్డం రాదు. చరిత్ర అనేసరికి రాష్ట్రం గుర్తొస్తుంది.

పెనుకొండ పాడుపడిన గోడల మధ్య ఒంటరిగా తిరిగిన పిల్లాడొకడు మనకు లేకపోలేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు. 1914లో పుట్టి, బాల్యం పెనుకొండలో గడిపాడు. ఆ ఊళ్లో ఉన్న సబ్‌కలెక్టరు భార్య పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. మీసం రాని వయసులోనే ఆ శిథిలాల మీద 'పెనుగొండ లక్ష్మి' రాశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆయన రాసిన ఆ కావ్యమే ఆయనకు పాఠ్యపుస్తకంగా వచ్చిందని కథగా చెప్పుకుంటారు. ఇట్లాంటి కథలు మాకు ఇష్టం. పుస్తకం చదివినవాళ్లెందరని అడగకండి. మా పిల్లలకు తెలుగు నోట్లో ఉంది, చేతిలో లేదు. అక్షరాలు రావు. కన్నడం నేర్చుకున్నందుకు చింత లేదు, అది మా అన్నం పెట్టే భాష. కానీ ఇంట్లో రోజూ మాట్లాడే భాషకు ఆదివారం ఒక గంట కూర్చుని యాభైఆరు అక్షరాలు నేర్పలేకపోయామంటే దానికి ఏ ప్రభుత్వాన్ని తిట్టాలి? 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాకు బండ్లు కట్టుకుని పోయి గుమ్మడిని చూసి ఏడ్చిన తరం మా ఇళ్లలో ఇంకా ఉంది. కళ్లు పోగొట్టుకున్న ఆ తిమ్మరుసును బంధించింది పెనుకొండలోనేనని, సమాధి కూడా అక్కడే ఉందని జనం చెప్పుకుంటారు. ఆ ఏడ్చినవాళ్లలో ఒక్కరూ అక్కడికి పోయి పువ్వు పెట్టి వచ్చినట్టు నేను వినలేదు.

కుస్కోకు గార్సిలాసో ఉన్నాడు. తండ్రి స్పెయిను సేనాని, తల్లి ఇంకా రాజకుటుంబపు ఆడపడుచు. 1539లో కుస్కోలో పుట్టి, యువకుడిగా స్పెయినుకు పోయి, మళ్లీ తిరిగి రాలేక, తల్లివైపువాళ్లు చెప్పిన కథలన్నీ గుర్తు తెచ్చుకుని 1609లో పుస్తకంగా అచ్చువేశాడు. దూరమైపోయినవాడు కూడా అంత పని చేశాడు. మా పావగడ తాలూకా శాసనాలను ఒక్కచోట చేర్చి అచ్చువేసింది ఎవరు? లూయిస్ రైస్ దొర. 1904లో తుమకూరు జిల్లా సంపుటం తెచ్చాడు. నిడుగల్లు కొండ మా తాలూకాలోదే. చోళ వంశపు చిన్నరాజులు ఏలిన దుర్గం, బసదులు, గుళ్లు, మెట్లదారి. దాని మీద రాళ్లలో ఏం రాసుందో ఆ దొర పుస్తకం తెరిచి చూడాలి. నూట ఇరవై ఏళ్లు దాటాయి. ఆ పుస్తకానికి మేము ఒక్క పేజీ కలపలేదు.

కలపడానికి మంచి అదను వచ్చింది కూడా. సోలారుకు భూములిచ్చేటప్పుడు ప్రతి చెక్కకూ కొలతలు పడ్డాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, బావి, చెట్టు, అన్నీ కాగితం మీదికెక్కాయి. చెట్టుకు డబ్బు వస్తుందని చెట్టును లెక్కపెట్టి రాయించుకున్నాం. గట్టు మీద నిలబడిన వీరగల్లును, చింతచెట్టు కింది పగిలిన బసవన్నను, చెరువు తూము పక్కన అక్షరాలున్న బండను ఎవరం రాయించలేదు. అడిగితే ఎవరూ కాదనేవాళ్లు కాదు. అడగలేదు. మా ముత్తాతల్లో ఎవడో పశువులను కాపాడుతూ చచ్చిపోతే నిలబెట్టిన రాళ్లవి. పండక్కి పసుపు రాసే రాళ్లు. ఇప్పుడు ఏ రాయి ఏ చేలో ఉండేదో చెప్పగలిగే ముసలివాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్లూ కంచె బయట నిలబడి చెయ్యి చూపించి, "ఆ వరసల్లో యాడో" అంటారు.

ఇదంతా చదివి, ప్రభుత్వాలు పట్టించుకోవడం లేదని మొదలుపెట్టకండి. ఆ మాట నిజమే కావచ్చు, అది ఇంకెవరైనా రాస్తారు. పెనుకొండకు బస్సు ఎక్కడానికి, గోడ మీద పేరు గీకకుండా ఉండటానికి, పిల్లకు అక్షరాలు నేర్పడానికి, ముసలాయన చెప్పేది ఫోనులో ఎక్కించుకోవడానికి ఏ జీవో రానక్కర్లేదు. అదే ఫోను. కుస్కో చూసేదే.

కనుక మా తాలూకావాళ్లకు రెండు పనులు చెబుతాను, నాకూ చెప్పుకుంటాను. ఒకటి: వీరగల్లుల జాగా ఎరిగిన ముసలివాళ్లు మీ ఊళ్లో ఉంటే, వచ్చే ఆదివారమే వాళ్లను కూర్చోబెట్టి పేరూ చేనూ రాసుకోండి, కన్నడంలోనైనా సరే, తెలుగులోనైనా సరే. కౌలు ఒప్పందం ముగిసేదాకా ఆ ముసలివాళ్లు ఉండరు. రెండోది: మా వీధి పిల్ల మళ్లీ అడగలేదు. మేము రెండోసారి అడిగించుకోకూడదు. మీ ఇంట్లో కూతురో, మేనకోడలో నిడుగల్లుకో హేమావతికో పెనుకొండకో ఒక్కతే పోయివస్తానంటే అరుగు మీద నలుగురిని పిలవకండి. బస్సు చార్జీ చేతిలో పెట్టి, దిగాక ఒక ఫోను చేయమని చెప్పి పంపండి.